షీస్తా తర్వాతి స్టేషన్

స్టాక్‌హోమ్ శివారులోని మా హూస్బీలో పిల్లాడు ఇల్లు దిగి బడికి చేరేదాకా ఒక్క కారు రోడ్డు కూడా దాటక్కర్లేదు. కార్లకు కింద దారి, మనుషులకు పైన దారి, మధ్యలో కాలినడక వంతెనలు. పిల్లలు బడి నుంచి తిరిగొచ్చేదాకా ప్రాణాలు ఉగ్గబట్టుకునే హైదరాబాదు తల్లులకు చెబితే నమ్మరు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఆ వంతెనల మీద ఊరికే నడిచేదాన్ని. పిల్లల కోసం ఇంత శ్రద్ధగా కట్టిన చోట, కుర్రాళ్లు కార్లెందుకు తగలబెట్టారు?

1965లో స్వీడన్ ప్రభుత్వం పదేళ్లలో పది లక్షల ఇళ్లు కడతామంది, కట్టి చూపించింది. అప్పటికి దేశ జనాభా ఎనభై లక్షలు కూడా లేదు. సైన్యం కవాతు చేసుకునే యార్వా మైదానంలో హూస్బీ అలా లేచింది. అక్కడ చేరిన స్వీడిష్ కుటుంబాలు చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే తోటలున్న సొంతిళ్లకు వెళ్లిపోయాయి. ఖాళీ అయిన ఇళ్లలోకి చిలీ, ఇరాన్, ఇరాక్, సోమాలియాల నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చినవాళ్లు చేరారు. ఇప్పుడు అయిదుగురిలో నలుగురు పరాయి దేశాల్లో పుట్టినవాళ్లో, వాళ్ల పిల్లలో.

హూస్బీని చూస్తే నాకు మన ఊళ్ల కాలనీలు గుర్తొస్తాయి. ఊరికి ఎడంగా, వాగు అవతల, ప్రభుత్వం పక్కా ఇళ్లు కట్టిచ్చిన కాలనీ. గోడలు గట్టివే, కరెంటు వచ్చింది, కుళాయి వచ్చింది. పెళ్లి పిలుపు మాత్రం రాదు. బస్సు ఊళ్లోనే ఆగి వెనక్కి తిరుగుతుంది. కాలనీ కుర్రాడు డిగ్రీ చదివినా, ఎక్కడుంటావని అడిగి జవాబు వినగానే ఎదుటివాళ్ల ముఖం మారుతుంది. హూస్బీ కుర్రాళ్లు నాతో చెప్పుకునేదీ ఈ అడ్రసు గురించే. అయితే మన దగ్గర ఆ ఎడాన్ని పెట్టింది కులం, కాపలా కాసింది కట్టుబాటు. ఇక్కడ ఎవరూ ఎవర్నీ పొమ్మనలేదు. 1976 నుంచే, పౌరసత్వం లేని విదేశీయులకు కూడా స్థానిక ఎన్నికల్లో ఓటుంది. అయినా దూరం పెరిగింది. నన్ను భయపెట్టేది ఇదే. నిషేధం ఉంటే దానిమీద పోరాడొచ్చు. ఒక్కో కుటుంబం మంచి బడి కోసమని మర్యాదగా సామాను సర్దుకుని వెళ్లిపోతే ఎవరి మీద పోరాడాలి?

2013 మే నెలలో, ఇక్కడి ఒక ఇంట్లో కత్తి పట్టుకున్న 69 ఏళ్ల వృద్ధుణ్ని పోలీసులు కాల్చి చంపారు. ఆస్పత్రికి తరలించామన్న వాళ్ల మొదటి ప్రకటన తప్పని తేలింది. కొద్ది రోజులకే కార్లు అంటుకున్నాయి. దాదాపు వారం పాటు ఆ మంటలు మిగతా శివార్లకూ, వేరే పట్టణాలకూ పాకాయి. బయటి ప్రపంచం నివ్వెరపోయింది. హూస్బీ అంతగా ఆశ్చర్యపోలేదు. ఆరోగ్య కేంద్రం లాంటివి ఒక్కొక్కటే తరలిపోతుంటే ఇక్కడివాళ్లు అప్పటికే మొరపెట్టుకున్నారు, 2012లో తమ సమావేశ మందిరాన్ని ఆక్రమించి కూర్చున్నారు కూడా. ఆ రాత్రుల్లో తల్లులూ తండ్రులూ వీధుల్లో తిరిగి, బతిమాలి కుర్రాళ్లను ఇళ్లకు పంపారు. మంటలు చూసినంతమంది వాళ్లను చూడలేదు.

హూస్బీకి ముందు స్టేషన్ షీస్తా. టెలికాం కంపెనీ ఎరిక్సన్ ప్రధాన కార్యాలయం అక్కడే. పొద్దున రైల్లో తెలుగు వినిపిస్తుంది. మనం ఉద్యోగం చేతబట్టుకుని వచ్చినవాళ్లం, స్వీడిష్ రాకపోయినా ఇంగ్లీషుతో నెట్టుకొస్తాం. మా పక్కింటి సోమాలీ అక్కకు భాషా తరగతులు ఉచితం, అద్దెకు సాయం ఉంది. ఫలానా చోట పని ఉందని చెప్పే స్వీడిష్ స్నేహితురాలు మాత్రం ఒక్కతీ లేదు. మనల్ని మంచి వలసదారులని ఎవరైనా మెచ్చుకుంటే నాకు మనసులో ఏదో గుచ్చుకుంటుంది.

ఒకప్పుడు ఈ దేశమే వలసపోయింది. పొలం చాలక, 1860ల చివరి కరువు తట్టుకోలేక, 1930 నాటికి దాదాపు 13 లక్షల మంది అమెరికా చేరారు. మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో వాళ్లు గుడిసెలేసుకున్న లోయకు స్వీడ్ హాలో అనే పేరు. అమెరికాలో వాళ్ల చర్చి వాళ్లదే, వాళ్ల పత్రిక వాళ్లదే. ఆ జ్ఞాపకం వల్లేనేమో, హృదయాలు తెరవండని 2014లో ప్రధాని రైన్‌ఫెల్డ్ ప్రజల్ని కోరాడు. మరుసటి ఏడు, కోటి జనాభా కూడా లేని దేశానికి ఆశ్రయం కోరి 1,63,000 మంది వచ్చారు. ఆ నవంబరులో ఆంక్షలు ప్రకటిస్తూ ఉప ప్రధాని ఓసా రోమ్‌సన్ కన్నీళ్లు ఆపుకోలేకపోయింది. 2022 ఎన్నికల్లో, వలసలు వద్దనే పార్టీ 20 శాతానికి పైగా ఓట్లతో రెండో స్థానంలో నిలిచింది.

ఖమ్మం నుంచి మామయ్య ఫోన్ చేసినప్పుడల్లా "ఆ దేశం తగలబడుతోందటగా, వచ్చెయ్యమ్మా" అంటాడు. ఆ గొంతు వింటే వెళ్లిపోవాలనే అనిపిస్తుంది, మున్నేటి ఒడ్డు కళ్లముందు కదులుతుంది. మంటలు ఎప్పుడో ఆరిపోయాయి మామయ్యా అంటాను. మావాడి తరగతిలో ఇంట్లో స్వీడిష్ మాట్లాడే పిల్లలు ఒక్కరూ లేరు, వాడు ఆ భాషను సోమాలీ, కుర్దు స్నేహితుల దగ్గరే నేర్చుకుంటున్నాడు. వచ్చే ఏడు బడి మార్చమని ఆఫీసులో అందరూ చెబుతున్నారు. నాకు మాత్రం మార్చకూడదనే ఉంది.