శ్వాస రక్షణ: హైదరాబాదు క్లోరోఫాం కమిషన్లు

గొంతు, శ్వాసనాళ శస్త్రచికిత్సలలో వైద్యుని కత్తికీ రోగి ఊపిరికీ దారి ఒక్కటే. 1878లో గ్లాస్గోలో విలియం మెక్యూయెన్ నోటి గుండా శ్వాసనాళంలోకి గొట్టం పంపి, దాని ద్వారా క్లోరోఫాం ఇచ్చి, నాలుక మొదట్లోని కణితిని తొలగించాడు. గొట్టం ఊపిరి దారిని కాపాడింది. మత్తుమందు ప్రమాదం మాత్రం మిగిలింది.

మత్తులో ముందుగా ఆగేది ఊపిరా, గుండె చప్పుడా? ఈ ప్రశ్నపై ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం నిధులతో 1888, 1889లలో హైదరాబాదులో రెండు కమిషన్లు ఏర్పడ్డాయి. ఊపిరే ముందు ఆగుతుందనీ, నాడి కన్న శ్వాసనే గమనించాలనీ అవి జంతు ప్రయోగాలతో తేల్చాయి. అయితే తక్కువ మత్తులోనే క్లోరోఫాం గుండె లయను హఠాత్తుగా చెదరగొట్టగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు.

కాబట్టి హైదరాబాదు తీర్పులో సగమే సత్యం. శ్వాసను కనిపెట్టమన్న హెచ్చరిక నేటికీ చెల్లుతుంది; గుండెకు భయం లేదన్న ధీమా చెల్లదు.