కావలి ఇసుకలో బిళ్ళగన్నేరు

కావలి నుంచి తుమ్మలపెంట వైపు, సముద్రం దగ్గరపడేకొద్దీ నేల ఇసుకగా మారుతుంది. అక్కడి దొడ్లలో, దిబ్బల మీద, గోడల పగుళ్లలో బిళ్ళగన్నేరు తనంతట తానే మొలుస్తుంది. మన పువ్వే అనిపిస్తుంది గానీ, దాని పుట్టిల్లు మడగాస్కర్. 18వ శతాబ్దంలో ఆ దీవి నుంచి విత్తనం పారిస్ రాజోద్యానానికి, అక్కణ్ణుంచి లండన్‌లోని చెల్సీ తోటలో ఫిలిప్ మిల్లర్ చేతికి చేరింది. 1759లో లిన్నేయస్ దానికి వింకా రోజియా అని పేరు పెట్టాడు. ఇదే తీరంలోని సరుగుడు కూడా పరాయిదే. అయితే దాన్ని 19వ శతాబ్దంలో మద్రాసు సర్కారు రైలింజన్ల కట్టెల కోసం పనిగట్టుకుని నాటించింది. బిళ్ళగన్నేరుకు అలాంటి పోషకుల అవసరం లేకపోయింది. అది ఇక్కడిదైపోవడానికి అందం కన్నా, మందుగుణం కన్నా నీటి కరువే పెద్ద కారణమని నా వాదన.

నెల్లూరు తీరంలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరుల మధ్యే కురుస్తుంది. తుపాను తప్పితే ఏడాదంతా తప్పినట్టే. 1876-78 నాటి గొప్ప కరువు ఈ జిల్లానూ వదల్లేదు. ఇలాంటి చోట మల్లె పూయాలంటే బావి ఉండాలి, తోడి పోసే మనిషి ఉండాలి. అంటే పూలతోట కలిగినవాళ్ల ముచ్చట. బిళ్ళగన్నేరుకు ఆ బాదరబందీ లేదు. లోతుకు దిగే వేరు ఎండాకాలాన్ని గట్టెక్కిస్తుంది; ఆకు చేదు కాబట్టి మేకలు ముట్టవు. జంటగా కాసే సన్నని కాయలు ఎండి పగిలి నల్లటి గింజలు రాలుస్తాయి. గింజ మొలవడానికి చీకటి కావాలి. పైన పలచగా ఇసుక పడితే చాలు, ఆ పని సముద్రపు గాలే చేసిపెడుతుంది. తడి తగిలితే రెండు వారాల్లో మొలక. కావాలని పెంచేవాళ్లు చేయాల్సిందల్లా కాయ ఎండేదాకా పాత మొక్కను పీకకుండా ఉండడమే.

ఈ వాదనకు అభ్యంతరాలు లేకపోలేదు. బిళ్ళగన్నేరు ఇప్పుడు చెందే కాథరాంథస్ ప్రజాతిలో మన దేశపు మొక్క కూడా ఉంది కదా అని వృక్షశాస్త్రం తెలిసినవారు అడగవచ్చు. ఉంది. కాథరాంథస్ పసిలస్ అనే ఆ చిన్న మొక్క తెల్లగా, చిన్నగా పూసే పొలం కలుపు. ఇంటి ముందర గులాబీరంగులో పూసేది అది కాదు. నిత్యకల్యాణి అన్న సంస్కృత నామాన్ని చూపి పాతదనేవారూ ఉన్నారు. కానీ బయటి నుంచి వచ్చిన మొక్కలకు సంస్కృతంలో పేరు పెట్టుకోవడం మనకు కొత్త కాదు. ఇక వాసన లేదు కాబట్టే అంగడికి ఎక్కలేదంటారా, కనకాంబరానికీ వాసన లేదు. అయినా వాడకుండా నిలుస్తుంది గనుక జడకెక్కింది. బిళ్ళగన్నేరు రేకులు కోసిన కాసేపటికే వాడి రాలతాయి. తూకానికి రాని పువ్వు ఇంటి పూజకే మిగిలింది.

మందు కోసమే నిలుపుకున్నారన్న మాట బలమైనదే. మధుమేహానికి దీని ఆకు నమలడం ఇక్కడా తెలుసు, జమైకాలోనూ తెలుసు. జమైకా నుంచి వచ్చిన ఆకును పరీక్షిస్తూనే కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ 1958లో క్యాన్సర్ మందు విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేశారు. తర్వాత వచ్చిన విన్‌క్రిస్టిన్ పిల్లల రక్త క్యాన్సర్‌కు ముఖ్యమైన మందుల్లో ఒకటైంది. గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు దాదాపు 500 కిలోల ఎండుటాకు కావాలంటారు. తమిళనాడు మెట్టల్లో దీన్ని పంటగా వేయడానికి కారణం ఆ గిరాకీయే. కానీ అప్పటికే ఈ పువ్వు మన దొడ్లలో తరాలుగా ఉంది. పైగా మందు కోసమే పెంచి ఉంటే ఎవరూ వాడని దిబ్బల మీద అది ఇంత విరివిగా ఉండనక్కర్లేదు.

ఇప్పుడు నర్సరీల్లో పెద్ద పూల హైబ్రిడ్లు అమ్ముతున్నారు. వాటి గింజలు వేస్తే తల్లి మొక్క రంగూ సైజూ అలాగే రావు. కుండీలో రోజూ నీళ్లు పోస్తే కుళ్లు తెగులు సోకి చస్తాయి కూడా. చవగ్గా కావాలంటే దిబ్బ మీది పాత మొక్క కాయలే కోసుకుని, అక్టోబరు వానలకు ముందు చల్లుకోవడం మేలు.