పాసైతేనే పైకం: గోదావరి బడుల్లో ఫలితాల గ్రాంటు

గోదావరి డెల్టాలో వీధి బడి పంతులుకు సర్కారు జీతం ఉండేది కాదు. పిల్లల ఇళ్ల నుంచి వచ్చే డబ్బు, ధాన్యం, పండగ మామూళ్లే ఆయన రాబడి. దసరాకు పూల విల్లంబులు పట్టుకున్న పిల్లలతో ఇల్లిల్లూ తిరగడం సరదా కోసం కాదు, సంపాదన కోసమే. 1822లో మద్రాసు గవర్నరు మన్రో మొదలుపెట్టిన విచారణలో రాజమండ్రి జిల్లాకు 291 బడులు, 2,658 మంది పిల్లలు లెక్కకొచ్చారు. బడికి సగటున తొమ్మిది మంది. అంత కొద్దిమందితో పంతులుకు ఏపాటి దక్కేదో ఊహించవచ్చు.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా రైతు చేతిలో డబ్బు ఆడసాగింది. ఆ రోజుల్లోనే నర్సాపురం సబ్ కలెక్టరు జి. ఎన్. టేలర్ నర్సాపురం, పాలకొల్లు ప్రాంతంలో బడులు పెట్టించాడు. వాటి ఖర్చుకు రైతులు భూమిశిస్తుతో పాటు కొంత అదనంగా కట్టారు. వీటినే రేటు బడులన్నారు. ఇలాంటి వసూలుకు 1863 మద్రాసు విద్యా చట్టం చట్టబద్ధత ఇచ్చింది. ఊరి డబ్బుతో నడిచే ఈ బడుల్లో పంతులు రాబడికి కొంత భరోసా దొరికింది.

ఇంతలో ఇంగ్లండులో విద్యా వ్యవహారాలు చూసే రాబర్ట్ లో (Lowe) 1862 నాటి సవరించిన నిబంధనలతో కొత్త పద్ధతి తెచ్చాడు. చదవడం, రాయడం, లెక్కలు: వీటిలో పాసైన పిల్లల సంఖ్యను బట్టి బడికి గ్రాంటు. 1860ల్లోనే మద్రాసు ప్రెసిడెన్సీ దాన్ని అందుకుంది. ఖజానాపై భారం పెరగకుండా వీధి బడులను సర్కారు లెక్కలోకి తెచ్చే చవకైన దారి అది. 1882 నాటి హంటర్ విద్యా కమిషన్ కూడా దేశీయ బడులకు ఇదే తగునంది.

ఈ పద్ధతిలో పంతులు ఏడాది కష్టమంతా ఇన్‌స్పెక్టరు వచ్చిన ఒక్క రోజు మీద ఆధారపడింది. ఆ రోజు పిల్లవాడికి జ్వరమొస్తే వాడి వంతు గ్రాంటు పోయినట్టే. పరీక్షలో అడగనిదాన్ని చెప్పే ఓపిక ఎవరికుంటుంది? వాచకం బట్టీ పట్టించడమే మార్గమైంది. ఇంగ్లండులో స్వయంగా ఇన్‌స్పెక్టరైన మాథ్యూ ఆర్నాల్డ్ దీన్ని తూర్పారబట్టాడు. అక్కడ 1890ల్లో అది అంతరించింది. ఇక్కడ 1904లో వైస్రాయి కర్జన్ ప్రభుత్వ విద్యా తీర్మానం కూడా దానికి స్వస్తి పలికింది.

శతాబ్దం తర్వాత, 2005లో, ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో ఈ ఆలోచన మళ్లీ తలెత్తింది. రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేయించిన ప్రయోగాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పరిశీలించారు. ఇక్కడ జీతం జోలికి పోలేదు, దానిపైన బోనసు ఇచ్చారు. కొలిచింది ఎంతమంది పాసయ్యారన్నది కాదు, పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకొచ్చారన్నది. పాత పద్ధతికీ దీనికీ అసలు తేడా ఇదే. సగటు బోనసు వార్షిక జీతంలో సుమారు 3 శాతం. రెండేళ్లలో లెక్కల్లోనూ భాషలోనూ పిల్లలు మెరుగుపడ్డారు. బోనసు లేని సైన్సు, సాంఘిక శాస్త్రాల్లోనూ మెరుగుదల కనిపించింది. ఉపాధ్యాయుల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజుల్లోనే ఎక్కువ హోంవర్కు ఇచ్చారు, అదనపు క్లాసులు తీసుకున్నారు.

ప్రయోగం రాష్ట్రవ్యాప్త విధానం కాలేదు. ప్రభుత్వ ఉపాధ్యాయుల జీతాలు నేటికీ వేతన సవరణ సంఘం స్కేళ్ల ప్రకారమే నడుస్తున్నాయి.