చుక్క రుచి

రమ్ము గుటుక్కున మింగేది కాదనీ, ముందు వాసన చూసి, చుక్క నాలుకమీద నిలిపితే బెల్లప్పాకం తగులుతుందనీ మిలిటరీలో పనిచేసిన మా బాబాయి చెప్పేవాడు. నిజమే. రమ్ము పుట్టేది చెరకు మడ్డిలోంచేగా!

వెస్టిండీసు తోటల్లో 17వ శతాబ్దంలో రమ్ము కాచారు. బెల్లంతో చేసే మద్యానికి ‘గౌడి’ అనీ, పిండిదానికి ‘పైష్టి’ అనీ, ఇప్పపూలదానికి ‘మాధ్వి’ అనీ మనువు అంతకు ఎంతో ముందే పేర్లు చెప్పాడు. తాగొద్దంటూనే రకాలు లెక్కపెట్టాడు, చూశారా!

మా గూడూరుకి తూర్పున, సముద్రం వైపు ఇసుకనేలల్లో తాటిచెట్లు. ఆ కల్లుకీ వేళలున్నాయి. తెల్లారి దించితే తీపి, పొద్దెక్కితే పులుపు, సాయంత్రానికి ఘాటు. గుక్కెడు తాగి, అది ఏ వేళ దించిందో చెప్పేవాళ్లుండేవారు.

సారా ప్యాకెట్లొచ్చాక రుచితో పనేముంది? మూల కొరికి గొంతులో పోసుకోవడమే. కూలిడబ్బులు ఇల్లు చేరలేదు. 1992లో మా నెల్లూరు జిల్లాలోనే, దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995లో మద్యమంతా ఆగింది. 1997లో ఆ నిషేధం సడలింది.

రుచిని నేను కాదనను. కాని పొయ్యిమీద అన్నం ఉడికిన ఇంట్లోనే దానికి చోటు. ఆ సంగతి మనువు చెప్పలేదు, దూబగుంట ఆడవాళ్లు చెప్పారు.