అండోత్సర్గ అంచనా

అండాశయం నుంచి అండం ఏ రోజు విడుదలవుతుందో ముందుగా పసిగట్టడమే అండోత్సర్గ అంచనా. విడుదలైన అండం బతికేది 12 నుంచి 24 గంటలు. వీర్యకణాలు మాత్రం స్త్రీ శరీరంలో అయిదు రోజుల దాకా ప్రాణంతో ఉండగలవు. కిటుకంతా ఈ తేడాలోనే ఉంది. అమెరికాలో విల్‌కాక్స్ బృందం 221 మంది స్త్రీలను పరిశీలించి 1995లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గర్భం నిలిచేది అండం విడుదలయ్యే రోజున, దానికి ముందు అయిదు రోజుల్లోనే. ఆ తర్వాత తలుపు మూసుకున్నట్టే.

అందరి నోటా వినపడే ‘పద్నాలుగో రోజు’ 28 రోజులకోసారి నెలసరి వచ్చేవారి లెక్క. అండం విడుదలయ్యాక నెలసరి వచ్చేదాకా పట్టే కాలం చాలామందిలో 12 నుంచి 16 రోజులు. పెద్దగా మారేది అంతకు ముందు భాగమే. కాబట్టి 35 రోజుల నెలసరి చక్రం ఉన్న స్త్రీకి అండం విడుదలయ్యేది ఇరవై ఒకటో రోజు ప్రాంతంలో. ఈ వెనక నుంచి లెక్కపెట్టే పద్ధతిని 1924లో బయటపెట్టినవాడు జపాన్‌లోని నీగాటకు చెందిన వైద్యుడు క్యుసాకు ఒగినో. పిల్లలు కలగడానికి పనికొస్తుందని ఆయన చెప్తే, లోకం పిల్లలు కలగకుండా ఉండటానికి వాడుకుంది. అది ఆయనకు నచ్చలేదు.

ఒగినోకు ముందు, 19వ శతాబ్దపు యూరప్ డాక్టర్లలో చాలామంది నెలసరికి ఆనుకుని ఉన్న రోజులే గర్భానికి అనువైనవని నమ్మేవారు. దాంతో పోలిస్తే, నెలసరి మొదలైనప్పటి నుంచి పదహారు రాత్రులు ఋతుకాలమనీ అందులో మొదటి నాలుగూ విడిచిపెట్టమనీ చెప్పిన మనుస్మృతి లెక్కే నయం. 28 రోజుల చక్రమైతే అనువైన ఆరు రోజులూ అందులోనే పడతాయి. సరి రాత్రులకు కొడుకు, బేసి రాత్రులకు కూతురు అన్న మాటకు మాత్రం ఏ ఆధారమూ లేదు.

క్యాలెండర్ ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇబ్బందే. విల్‌కాక్స్ బృందమే 2000లో చెప్పింది: అనువైన రోజులన్నీ పదో రోజుకూ పదిహేడో రోజుకూ మధ్యనే పడిన స్త్రీలు దాదాపు 30 శాతమే.

అందుకే శరీరం ఇచ్చే గుర్తులు చూడాలి. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ హార్మోన్ వల్ల ఒంటి వేడి 0.2 నుంచి 0.5 డిగ్రీల సెల్సియస్ పెరుగుతుంది. పొద్దున్నే పక్క మీద నుంచి లేవకముందే కొలవాలి, అంతకుముందు కనీసం మూడు గంటలైనా ఏకధాటిగా నిద్రపోయి ఉండాలి. ఇవాళ తెల్లవారుజామున, రేపు రాత్రంతా కాల్షీటు ఉండే చెన్నై కోడంబాక్కం సినిమావాళ్లకు ఈ పద్ధతి కుదిరే పని కాదు. పైగా వేడి పెరిగేసరికి అండం విడుదలై ఉంటుంది. వచ్చే నెలకు పనికొచ్చే సమాచారమే తప్ప ఈ నెలకు కాదు. ఆస్ట్రేలియాలో జాన్, ఎవెలిన్ బిల్లింగ్స్ దంపతులు ప్రచారం చేసిన తెల్లబట్ట గుర్తు ఇంతకంటే మేలు. అండం విడుదలకు ముందు రోజుల్లో అది కోడిగుడ్డు తెల్లసొనలా పల్చగా, సాగేలా మారుతుంది. దీనికి పైసా ఖర్చు లేదు.

మందుల షాపులో దొరికే ‘ఐ-నో’ లాంటి కిట్లు మూత్రంలో ఎల్‌హెచ్ హార్మోన్‌ను కొలుస్తాయి. ఆ హార్మోన్ ఒక్కసారిగా ఎగిసిన 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. చక్రం నిడివిలోంచి 17 తీసేస్తే పరీక్ష మొదలుపెట్టాల్సిన రోజు తెలుస్తుంది: 28 రోజులకు పదకొండో రోజు. గర్భపరీక్షలో మసక గీత కనిపించినా అవుననే అర్థం. ఇక్కడ అలా కాదు, పరీక్ష గీత పక్క గీతంత ముదురుగా ఉంటేనే లెక్క. ఇంకో పొరపాటు మరీ సాధారణం: గీత ముదిరేదాకా దంపతులు దూరంగా ఉండటం. అప్పటికే మూడు నాలుగు మంచి రోజులు పోతాయి. నెలసరి రక్తస్రావం ఆగినప్పటి నుంచి రోజు విడిచి రోజు కలిసేవారికి కిట్‌తో అంతగా పనే లేదు. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నవారిలో ఎల్‌హెచ్ ఎప్పుడూ ఎక్కువగా ఉండొచ్చు కాబట్టి, కిట్ అబద్ధం చెప్పే అవకాశమూ ఉంది.

వాళ్లకు ‘ఫాలిక్యులర్ స్టడీ’ దారి. రోజు విడిచి రోజు స్కాన్ చేసి అండపు తిత్తి రోజుకు సుమారు 2 మి.మీ. చొప్పున పెరగడం గమనిస్తారు. 18 నుంచి 24 మి.మీ. మధ్య అది పగులుతుంది. అవసరమైతే హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఇస్తారు, దాదాపు 36 గంటల్లో అండం బయటపడుతుంది. తిత్తి ఎదగడానికి ఇచ్చే లెట్రోజోల్‌ను ఈ వాడకానికి భారత ప్రభుత్వం 2011లో ఆపేసింది, 2017లో మళ్లీ అనుమతించింది.

ఈ అంచనా లేకపోతే టెస్ట్‌ట్యూబ్ బేబీయే లేదు. 1978లో పుట్టిన ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ లూయీజ్ బ్రౌన్ కోసం బ్రిటన్‌లో డాక్టర్ స్టెప్టో, శాస్త్రవేత్త ఎడ్వర్డ్స్ హార్మోన్ మందులేవీ వాడలేదు. తల్లి మూత్రంలో ఎల్‌హెచ్ ఎగిసే ఘడియను పట్టుకుని, సహజంగా ఎదిగిన ఒకే ఒక్క అండాన్ని తీశారు. దక్షిణ భారతంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ 1990లో కోడంబాక్కం పక్కనే ఉన్న నుంగంబాక్కం జీజీ హాస్పిటల్ వైద్యురాలు కమలా సెల్వరాజ్ చేతుల మీదుగా పుట్టింది. ఆమె నటుడు జెమినీ గణేశన్ కూతురు. స్టూడియోల పేటగా పేరుబడ్డ ఆ చుట్టుపక్కల ఇవాళ సంతాన సాఫల్య కేంద్రాల బోర్డులకూ కొదవలేదు.

పిల్లల కోసం ప్రయత్నిస్తుంటే, భార్యకు 35 ఏళ్లలోపైతే ఏడాది, దాటితే ఆరు నెలలు చూసి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. నెలసరి క్రమం తప్పితే అంతదాకా ఆగనక్కర్లేదు. చాలా ఇళ్లలో స్కాన్‌లన్నీ భార్యకు అయిపోయాక గానీ భర్తకు వీర్యపరీక్ష గుర్తుకురాదు. నిజానికి అది తేలికైనది, చవకైనది. మొదటి విడతలోనే చేయించాల్సింది.