శుంఠీసారం – హేత్వాభాసం

ఆర్ద్రకం ఎండగా ఏర్పడే శుంఠికి భారతీయ సంప్రదాయంలో విశ్వభేషజమని, మహౌషధమని పర్యాయనామాలు ఉన్నాయి. పిప్పలీ మరీచాలతో కలిసి అది త్రికటువు అవుతుంది. ఇంతటి ఔషధి పేరిట అమెరికాలో జరిగిన ఒక అనర్థం ప్రమాణశాస్త్ర జిజ్ఞాసువులకు విచారణీయం.

19వ శతాబ్దం నుండి ఆ దేశంలో ‘జమైకా జింజర్’ అనే శుంఠీసారం చిన్న సీసాలలో విక్రయింపబడేది. అజీర్ణానికి, ఉదరశూలకు అది గృహవైద్యం; భక్ష్యపానీయాలకు రుచిద్రవ్యం. అయితే అందులో సుమారు 70 నుండి 80 శాతం మద్యసారమే. 1920లో మద్యనిషేధం అమలులోకి రాగా, అనేకమంది దరిద్రులకు అదే మద్యమైంది. దీనిని వారించడానికి, సారంలో అల్లపు ఘనపదార్థం నిర్ణీత ప్రమాణంలో ఉండి త్రాగశక్యం కానంత కటువుగా ఉండాలని ప్రభుత్వం నియమించింది. పరీక్షకులు ద్రవాన్ని మరిగించి, మిగిలిన శేషాన్ని తూచేవారు.

తూకమే పరీక్ష అని గ్రహించిన అక్రమ వ్యాపారులు అల్లానికి బదులు ఆముదం వంటివి కలుపసాగారు. బోస్టన్‌కు చెందిన హ్యారీ గ్రాస్, మ్యాక్స్ రీస్‌మన్ అనే ఇరువురు ట్రై-ఆర్థో-క్రెసిల్ ఫాస్ఫేట్ అనే పారిశ్రామిక రసాయనాన్ని ఎంచుకున్నారు. అది నిరపాయకరమని వారు భావించారు. వాస్తవానికి అది నాడీవిషం.

1930 ఆరంభంలో ఓక్లహామా నగర వైద్యులను పాదాలు చచ్చుబడిన రోగులు ఆశ్రయించారు. బాధితుల సంఖ్య 30,000 నుండి 50,000 వరకు ఉండవచ్చునని అంచనా. పలువురు ఆజీవనం వికలాంగులుగా మిగిలారు. అదే సంవత్సరం ప్రభుత్వ శాస్త్రజ్ఞులు మారిస్ స్మిత్, ఎలియాస్ ఎల్వోవ్ ఆ విషాన్ని గుర్తించారు. దోషులిద్దరికీ తలా 1,000 డాలర్ల జరిమానా, అమలు నిలిపివేసిన 2 సంవత్సరాల కారాగారశిక్ష పడ్డాయి.

పరీక్షకుల అనుమానాన్ని న్యాయపరిభాషలో చెబితే: ఈ ద్రవం శుంఠీయుక్తం, తగిన గురుత్వంగల శేషం ఉన్నందున. ఇక్కడి హేతువు సాధ్యం లేనిచోట కూడా ఉంటుంది. కనుక ఇది సవ్యభిచార హేత్వాభాసం. వైశేషికుల మతంలో గురుత్వం పృథివీజలాలకు సామాన్యగుణం. శుంఠికి అసాధారణ లక్షణం కాదు. ఆయుర్వేదం ద్రవ్యాన్ని రస, గుణ, వీర్య, విపాకాలచే నిర్ణయిస్తుంది. తూకమొక్కటే దానికి చాలదు.

వ్యాప్తిని నిశ్చయించే ముందు వ్యభిచారశంకను నివర్తించుకోవాలని నైయాయికులు పట్టుబట్టడం కేవలం వాదకౌశలం కోసమని తలచేవారికి ఈ చరిత్ర సమాధానం. ఆ శంకను ఉపేక్షించినవారు పరీక్షకులు. దాని ఫలాన్ని అనుభవించినవారు మరొక మద్యం కొనలేని నిరుపేదలు.