హైస్కూలు బోర్డు మీద 'జిల్లా పరిషత్' అని ఎందుకుంది?

ధరలు, తెగుళ్ల సంగతి ఈరోజు కాస్త పక్కనబెట్టి మన ఊరి హైస్కూలు గురించి మాట్లాడుకుందాం. పోస్టు పొడుగే. ఓపిగ్గా చదవండి, చివర్లో మీతో ఒక పని ఉంది.

మీ ఊరి హైస్కూలు గేటు మీద ఏం రాసుందో గుర్తుందా? చాలా ఊళ్లలో 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని ఉంటుంది. మనం నోటితో సర్కారు బడి అంటాం గానీ, బోర్డు మీద సర్కారు అనే మాటే లేదు. ఎందుకంటే ఆ బడి వెనక మన తాతముత్తాతలు కట్టిన డబ్బు, ఇచ్చిన భూమి ఉన్నాయి.

ముందు కోస్తా, రాయలసీమ సంగతి చూద్దాం. అప్పుడు ఈ జిల్లాలు మద్రాసు కింద ఉండేవి. 1871లో అక్కడ ఒక చట్టం వచ్చింది. దాని కింద రైతు కట్టే భూమి శిస్తు మీద అదనంగా సెస్సు వసూలు చేసేవారు. రూపాయికి ఒక అణా, అంటే పదహారో వంతు. 1884లో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాయి. రోడ్లు, ఆసుపత్రులు, సత్రాలు, బళ్లు ఆ బోర్డుల చేతికొచ్చాయి. సెస్సులో ఎక్కువ భాగం రోడ్లకే పోయేది. మిగిలిన దాంట్లోంచి, పిల్లలు కట్టే ఫీజుల్లోంచి బడి నడవాలి. అందుకే హైస్కూలు అంటే ఏ తాలూకా కేంద్రంలోనో, ఏ పెద్ద ఊళ్లోనో ఉండేది. పెద్దవాళ్లు 'బోర్డు హైస్కూలు' అనేది దాన్నే. దూరపు ఊరి పిల్లాడు చదవాలంటే మైళ్లు నడవాలి, లేదా చుట్టాలింట్లో ఉండాలి, లేదా వారాలు చేసుకోవాలి.

తెలంగాణలో కష్టం ఇంకోరకం. నిజాం పాలనలో పై చదువులు చాలావరకు ఉర్దూలోనే. ఇంట్లో తెలుగు మాట్లాడే రైతుబిడ్డ లెక్కలూ సైన్సూ పరాయి భాషలో నేర్చుకోవాలి. పల్లెలో హైస్కూలు ఊసే లేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత్‌లో కలిశాకే తెలుగులో చదువుకునే దారి తెరుచుకుంది.

అసలు మార్పు 1959లో వచ్చింది. బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫారసు మీద పంచాయతీరాజ్ మొదలైంది. దేశంలో ముందు రాజస్థాన్, వెంటనే మన ఆంధ్రప్రదేశ్. 1959 అక్టోబరులో నెహ్రూ షాద్‌నగర్ వచ్చి ఇక్కడ దాన్ని ప్రారంభించారు. జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చాయి. చిన్న బళ్లు పంచాయతీ సమితులకు, హైస్కూళ్లు జిల్లా పరిషత్తులకు అప్పగించారు. గేటు మీద పేరు అప్పటిది. తర్వాత 1986 చట్టంతో సమితులు పోయి మండలాలు వచ్చాయి కాబట్టి చిన్న బడి 'మండల పరిషత్' అయింది. హైస్కూలు మాత్రం పాత పేరుతోనే ఉంది.

పేరు జిల్లా పరిషత్‌ది. మరి బడి ఎవరు కట్టారు? ఆ రోజుల్లో సమాజ వికాస పథకం కింద ఏ పని చేపట్టినా ఊరి వాటా అడిగేవాళ్లు. డబ్బు రూపంలోనో, భూమి రూపంలోనో, శ్రమదానంగానో ఇవ్వాలి. ఎన్నో ఊళ్లలో హైస్కూలు అలాగే లేచింది. ఒకరు ఎకరమో రెండెకరాలో ఇచ్చారు. కొందరు పంటమీద చందా వేసుకున్నారు. ఎడ్లబండి ఉన్నవాళ్లు రాయీ ఇసుకా తోలారు, ఏమీ లేనివాళ్లు మట్టి మోశారు.

ఒక నిజం కూడా చెప్పుకోవాలి. మట్టి మోసినవాళ్ల పిల్లలందరూ ఆ బెంచీల మీద కూర్చోలేదు. దళితవాడ పిల్లల్ని, ఆడపిల్లల్ని చాలాకాలం గడప దగ్గరే ఆపేశాం. 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో చదువొచ్చినవాళ్లు నూటికి 21 మందే. 2011 నాటికి 67 మంది అయ్యారు. ఈ పెరుగుదలలో పెద్ద వాటా ఊరి బళ్లదే. పక్క ఊరిదాకా పంపని ఆడపిల్లను సొంత ఊళ్లో హైస్కూలు ఉందనే చదివించిన ఇళ్లు ఎన్నో.

ఇప్పుడు అసలు విషయం. ఆ రోజుల్లో భూమి ఇచ్చిన పెద్దాయన చాలాచోట్ల నోటిమాట మీదే ఇచ్చాడు. మాటకు విలువున్న కాలం అది. కానీ ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థలం దానంగా ఇస్తే రిజిస్టరు దస్తావేజు ఉండాలి. అది లేకపోతే రికార్డులో పాత పేరే నడుస్తూ ఉంటుంది. సెంటు ధర లక్షల్లోకి వెళ్లాక మనవళ్లు, ముని మనవళ్లు వచ్చి ఇది మాదంటారు. వాళ్లను పూర్తిగా తప్పుపట్టలేం, కాగితం అలా ఉంది మరి. ముందు పోయేది ఆటస్థలం. తర్వాత ప్రహరీ జరుగుతుంది.

ఇంకో పక్క పసుపు రంగు బస్సులు పొద్దున్నే ఊరి పిల్లల్ని ఎక్కించుకు పోతున్నాయి. ఎవరి పిల్లల్ని ఎక్కడ చదివించుకోవాలో వాళ్లిష్టం, దానిమీద తగాదా లేదు. కానీ పిల్లలు తగ్గిన బడిని పక్క ఊరి బడిలో కలుపుతారు. ఖాళీ అయిన బడి స్థలానికి కాపలా ఎవరుంటారు?

అందుకే ఈ పని చేయండి. మీ హైస్కూలు సర్వే నంబరు తెలుసుకుని, ఆ భూమి ఎవరి పేరు మీద ఉందో రెవెన్యూ రికార్డులో చూడండి. ఇంకా దాత పేరే ఉంటే ఆ కుటుంబంతో గౌరవంగా మాట్లాడి దానపత్రం రాయించండి. వాళ్ల పెద్దాయన పేరు బడి గోడ మీద రాయించండి, సంతోషిస్తారు. 22ఏ నిషేధిత జాబితాలో ఆ స్థలం ఎక్కించమని అర్జీ పెట్టండి. బడి కమిటీ మీటింగుకు వెళ్లండి. విద్యాహక్కు చట్టం ఆ కమిటీల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలంది, సగం మంది ఆడవాళ్లు ఉండాలంది. సంతకం కోసం రిజిస్టరు ఇంటికొస్తే చదవకుండా పెట్టకండి.

పొలం గట్టు జానెడు జరిగితే ఊరుకుంటామా? బడి గట్టు కూడా మనదే.

మీ ఊరి హైస్కూలు ఏ సంవత్సరంలో, ఎవరి భూమిలో మొదలైందో పెద్దవాళ్లను అడిగి కింద రాయండి. వాళ్లు ఉండగానే అడగండి.